ట్యాబ్‌లో జాస్మిన్ పేరు

మా నాన్న నాకు మెర్సీ అని పేరు పెట్టాడు. కనికరం అని దాని అర్థమట. నెలల పిల్లకు పెట్టిన పేరు గనుక, పెరిగాక నా నోరు ఎలా ఉంటుందో పాపం ఆయనకు తెలిసే దారి లేదు. కోపం వస్తే ముందు నోరు, తర్వాత బుర్ర పనిచేసే మనిషిని నేను. కానీ పెద్ద మేడం విషయంలో మాత్రం నోరు కట్టేసుకుని కాచుకున్నాను. అంత ఓపిక నాలో ఉందని నాకే తెలియదు.

పెద్ద మేడం అంటే సుందరలక్ష్మి గారు. ముంబై దగ్గరి భివండీలోని నాగావ్‌లో మా గల్లీ చివరనున్న తెలుగు బడికి హెడ్మిస్ట్రెస్. ఆవిడ భర్త వెంకటసుబ్బారావు గారికి అంజూర్ ఫాటా దగ్గర బట్టల గోడౌన్లున్నాయి, బడి కమిటీకి ఆయనే అధ్యక్షుడు. గారు అనడం అలవాటు కొద్దీ వస్తోంది, అంతకు మించి ఏమీ లేదు. మేము కార్ఖానా మనుషులం. నా భర్త ఇమ్మానుయేల్ కనేరిలో మరమగ్గాలు నడుపుతాడు. వాటిని మేము సాంచాలంటాం. నేను బడి గోడకు ఆనుకుని ఉన్న కార్ఖానాలో కండెలు చుడతాను, అంటే సాంచాకు అందించే నూలు పుల్లలు. మాకు ఒక్కతే బిడ్డ, జాస్మిన్. ఏడో తరగతి.

ఆ బడికి పోయిన ఏడాది ముంబై దాతలెవరో ట్యాబ్‌లు ఇచ్చారు. మొదట నేను కూడా మూతి విరిచాను. ఇంట్లో ఫోను పట్టుకుంటేనే వదలని పిల్లలకు బడిలో కూడానా అనుకున్నాను. నా మూతి తొందరలోనే మామూలుగా అయింది. అందులో ఒక లెక్కల ఆట ఉంది. ఎక్కం తప్పు చెబితే బుడగ పైకి ఎగిరిపోతుంది, సరిగ్గా చెబితే టప్పుమని పగులుతుంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టే నా బిడ్డ ఆ బుడగలు పగలగొట్టే పిచ్చిలో ఎక్కాలన్నీ నేర్చేసింది. ఇంకొకదాంట్లో చిలుక మరాఠీ మాట పలుకుతుంది, పిల్లలు తిరిగి పలకాలి. తప్పు పలికితే చిలుక తల గోక్కుంటుంది. ఆ చిలుకను చూడాలని కావాలనే తప్పు పలికేవాళ్ళు దొంగ వెధవలు.

జాస్మిన్ మనసు మాత్రం బొమ్మలు కదిలించే యాప్ మీద పడింది. బల్ల మీద ఒక వస్తువు పెట్టి ఫోటో తీయాలి, కాస్త జరిపి మళ్ళీ తీయాలి. అన్నీ కలిపితే ఆ వస్తువు దానంతటదే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. పిల్లలు చేసిందల్లా ట్యాబ్‌లో ఎవరి డబ్బాలో వాళ్ళది చేరుతుంది. ఆ డబ్బా అమ్మానాన్నల ఫోనులో కూడా తెరుచుకుంటుంది. ట్యాబ్‌ల క్లాసు చూసే స్వర్ణ టీచర్ నా ఫోనులో కూడా పెట్టించింది. సెలవురోజు మేమిద్దరం దాన్ని చూసుకుని మురిసిపోయేవాళ్ళం.

వర్షాకాలమంతా జాస్మిన్ ఒకే బొమ్మ చేసింది. నూలు పోగు బట్ట అయ్యే కథ. అందులో కండె నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటుంది, నూలు దానికి తానే చుట్టుకుంటుంది, తర్వాత నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే గుడ్డ కొంచెం కొంచెంగా పెరుగుతుంది. కథ చెప్పిన గొంతు కూడా దానిదే, తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి. దాని కోసం నా దగ్గరికి రోజూ రంగు నూలు ముక్కలకు పరుగెత్తుకొచ్చేది. ఠాణేలో పిల్లల ప్రదర్శన ఉందని, బడి నుంచి ఒక్కరినే పంపుతారని, ఈ బొమ్మే పోతుందని స్వర్ణ టీచరే నాకు చెప్పింది. కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నాను. గొప్పలకు పోయాను, దాచుకోవడమెందుకు?

ఒకరోజు నా ఫోనులో చూస్తే జాస్మిన్ డబ్బాలో ఆ బొమ్మ లేదు. మిగతా చిల్లరమల్లర అంతా ఉంది, అదొక్కటే లేదు. మర్నాడు బడి ప్రార్థనలో పెద్ద టీవీ మీద దాన్ని వేశారట. పైన "చేసింది: నవ్య" అని ఉందట. నవ్య పెద్ద మేడం మనుమరాలు, జాస్మిన్ క్లాసే. నా బిడ్డ లేచి "అది నాది" అన్నది. అప్పుడు పెద్ద మేడం దాన్ని ముందుకు పిలిచి, అందరి ముందూ, నవ్య చేసింది చూసి కాపీ కొట్టడమే కాకుండా ఇప్పుడు తనదని అబద్ధమాడుతోందని చెప్పి, ట్యాబ్ గదిలోకి రావద్దని గెంటేసింది.

ఇంటికొచ్చి సంచీ కింద పడేసింది జాస్మిన్.

"అమ్మా, అందరు నన్ను చోర్ అంటున్నరు. నేను చోరీ చేసిన్నా? నీ దగ్గరికెళ్లే గద నూలు దెచ్చిన."

నేను వెంటనే బడికి పోయాను. పెద్ద మేడం కుర్చీలోంచి లేవలేదు, నన్ను కూర్చోమనలేదు.

"మేడం, ఆ బొమ్మ మా జాస్మిన్ జేసింది. నా నూలుతోని జేసింది. మీకు ఎరికే."

"చూడమ్మా మెర్సీ, పిల్లలు ఇంట్లో ఏదో చెబుతారు, మీరు నమ్ముతారు. నీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?"

"దాని గొంతే ఉన్నది గద అండ్ల!"

"ఇప్పుడు నవ్య గొంతు ఉంది. విన్నావా మరి?" అని ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఎక్కువ మాట్లాడితే టీసీ ఇచ్చి పంపిస్తా. మరాఠీ బడిలో వేసుకో."

గొంతు కూడా మార్పించారన్నమాట. పక్కన నిలబడ్డ స్వర్ణ టీచర్ తలెత్తలేదు. ఆ బల్ల మీది గాజు పేపర్‌వెయిట్ ఆవిడ నెత్తిన వేయాలనిపించింది. వేయలేదు, బయటికి వచ్చేశాను. కానీ మెట్లు దిగుతూనే అనుకున్నాను, నువ్వు నా బిడ్డను పదిమందిలో దొంగను చేశావు, నిన్ను పదిమందిలోనే నిలబెడతాను, ఆ పేరు నీతోనే మార్పిస్తాను అని.

జాస్మిన్ మాటలు తగ్గించేసింది. ఎక్కం అడిగితే చెప్పదు. చిలుకలా పలకమంటే మొహం తిప్పుకుంటుంది. ఆదివారం గుడి తర్వాత మా పాస్టర్ సదానందం అయ్యగారు ఆగి, "మెర్సీ, క్షమించుడు మన పని బిడ్డా. మనసుల ఏం బెట్టుకోకు" అన్నారు.

"క్షమిస్త అయ్యగారు. గని ముందుగాల ఆమె అడగాలె గద" అన్నాను. ఆయన బైబిలు తెరిచి వాక్యం వెతకబోయారు. దొరికినా నేను వినేదాన్ని కాదు.

ఆధారం ఉందా అని పెద్ద మేడం అడిగింది కదా, దాని కోసం ఫోనులో జాస్మిన్ డబ్బా అడుగునుంచీ గాలించడం మొదలుపెట్టాను. తినే వేళ కూడా అదే పని. ఉమ్మెత్త పువ్వు ఫోటో, వంకర ఏనుగు, పగిలిన బుడగల మార్కులు, అన్నీ చూశాను. వాటి మధ్య ఒక వీడియో కనబడింది. బల్ల మీద కండెలు, రంగు నూలు పోగులు. ట్యాబ్ స్టాండులో నిలబెట్టి ఉన్నట్టుంది. జాస్మిన్ వచ్చి ఎర్ర పోగు వెతికి, అది లేక బయటికి పరుగెత్తింది. ఫోటో నొక్కబోయి వీడియో నొక్కినట్టుంది, ఆపడం మరిచి నా దగ్గరికి వచ్చేసింది. ఖాళీ బల్ల, పక్క కార్ఖానా సాంచాల మోత, అంతే. మూసేయబోతుంటే బల్ల వెనక పెద్ద మేడం వచ్చి నిలబడింది. పక్కన స్వర్ణ.

ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఒక్క ముక్క వినపడదు. ఆ గది కిటికీకి అద్దాలు లేవు, అవతల మా సాంచాలే.

"ఇదిగో, చూడు" అని ఇమ్మానుయేల్‌కు చూపించాను. పొద్దున్నే పనికి పోతూ చాయ్ తాగుతున్నాడు.

"ఏముంది దీంట్ల? సాంచాల చప్పుడే గద" అని ఇవ్వబోయి ఆగాడు. ఫోను దగ్గరికి లాక్కున్నాడు. చాయ్ పక్కన పెట్టాడు.

భివండీలో సాంచాల మధ్య బతికేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఆ మోతలో అరిచినా లాభం లేదు గనుక, మేము గొంతు వాడం. పెదాలతో మాట్లాడతాం, పెదాలు చూసి వింటాం. పోగు తెగిందని, సేట్ వస్తున్నాడని, ఫలానావాడికి పెళ్ళి కుదిరిందని, సగం కార్ఖానా అవతలినుంచి కూడా చెప్పుకుంటాం. తిట్టుకోవడం కూడా అలాగే. మా పిల్లలు నడక నేర్చేలోపే ఇది నేర్చేస్తారు. గోడౌన్లు, దుకాణాల వాళ్ళకు ఈ సంగతి తెలియదు. వాళ్ళు కార్ఖానాకు వచ్చి, మోతలో ఎవరికీ వినపడదులే అని మా ముందే మా గురించి ఏదేదో అంటుంటారు. మేము తల వంచుకుని పని చేసుకుంటూ అంతా వింటాం. ఎప్పుడూ బయటపడం.

ఆ వీడియోలో పెద్ద మేడం పెదాలు నేను అప్పటికే చదివాను, ఇప్పుడు ఇమ్మానుయేల్ చదివాడు. చదువుతుంటే ఆయన మొహం నల్లబడింది.

"ఈమెను ఏం జేసినా పాపం లేదు మెర్సీ" అన్నాడు. ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి.

ఫోను పట్టుకుని అప్పుడే బడికి పరుగెత్తవచ్చు. కానీ ఆఫీసు గదిలో, నలుగురి మధ్య తేలిపోవడం నాకు ఇష్టం లేదు. నాకు జనం కావాలి. బడి వార్షికోత్సవం దగ్గరికొచ్చింది. ఆ రోజు పిల్లల పనులు పెద్ద టీవీ మీద చూపిస్తారు. ప్రతి ఇంటివాళ్ళూ తమ పిల్లల డబ్బాలో నచ్చినదానికి గుండె గుర్తు పెట్టాలి, అది టీవీ మీదికి వస్తుంది. ఆ ఏర్పాటు పెద్ద మేడమే పెట్టింది, తల్లిదండ్రులు సంబరపడతారని. నేను ఆ సాంచాల మోత వీడియోకు గుండె గుర్తు పెట్టాను. ఇంత సంబరంగా దేనికీ ఏ గుర్తూ పెట్టి ఉండను.

వార్షికోత్సవం శుక్రవారం పెట్టారు. శుక్రవారం సాంచాలకు సెలవు గనుక కార్ఖానా మనుషులంతా వస్తారు. హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో కుర్చీలు, అందులో దుకాణాల వాళ్ళు. వెనక మేము, బెంచీల మీద కొందరు, కింద కొందరు. జాస్మిన్ నా పక్కన కూర్చుంది. వీడియో సంగతి దానికి పొద్దునే చెప్పాను. చూపించాను కూడా. అప్పటినుంచీ నా కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

మొదట నవ్య పేరుతో నా బిడ్డ బొమ్మ వేశారు. కండె ఒళ్ళు విరుచుకుంటుంటే అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. వేదిక మీద పెద్ద మేడం లేచి దండం పెట్టింది, తానే చేసినట్టు. నవ్య మాత్రం లేవలేదు. తర్వాత గుండె గుర్తుల వంతు. పాటలు, ఏనుగులు, లెక్కలు అయ్యాయి. స్వర్ణ టీచర్ ట్యాబ్ చూసి, తలెత్తి, జనంలో నన్ను వెతికి పట్టుకుంది.

"మెర్సీ అక్కా, జాస్మిన్‌ది ఇదేనా? చప్పుడు తప్ప ఏం లేదు" అంది మైకులో.

"అదే టీచర్. మాకు గదే మంచిగనిపించింది" అన్నాను.

స్వర్ణ పుట్టింది కనేరి కార్ఖానా ఇంట్లో. ఆ వీడియోలో ఏముందో, వెనక కూర్చున్నవాళ్ళు ఏం చూస్తారో ఆవిడకు తెలుసు. పెద్ద మేడం వైపు ఒకసారి చూసి, నొక్కేసింది.

హాలంతా సాంచాల మోత. టీవీ మీద పెద్ద మేడం, స్వర్ణ. తనను చూసుకుని పెద్ద మేడం నవ్వింది. "ఏం మెర్సీ, నీ బిడ్డ కార్ఖానాను మోసుకొచ్చిందా ఇక్కడికి?" అంది. ముందు వరుసలు నవ్వాయి. వెనక ఎవరూ నవ్వలేదు. వెనక అందరూ మెడలు చాచి టీవీలోకి చూస్తున్నారు. మాలో చెవులు ఎప్పుడో సాంచాలకు అప్పగించేసిన ముసలమ్మ పోచవ్వ ఒకతి ఉంది. తన గొంతు తనకు వినపడదు గనుక ఆమె ఏం మాట్లాడినా గల్లీ అంతా వినపడుతుంది. ఆమె లేచి నిలబడింది.

"ఓ అవ్వ! పొల్ల బొమ్మ గుంజుకున్నవా నువ్వు?"

"ఏమంటోంది ఆవిడ?" అంది పెద్ద మేడం.

"మళ్ళ పెట్టు టీచర్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "మొదటినుంచి పెట్టు!"

"ఆపేయ్ స్వర్ణా" అంది పెద్ద మేడం. స్వర్ణ మొదటినుంచి పెట్టింది.

ఈసారి టీవీలో పెద్ద మేడం పెదాలు కదలగానే వెనక బెంచీలన్నీ కలిసి ఆ మాటలు పైకి అన్నాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, పదాలు తడబడకుండా.

"ఈ బొమ్మను నవ్య డబ్బాలోకి మార్చెయ్. ఠాణేకు నవ్య వెళుతుంది."

స్వర్ణ పెదాలు కదిలాయి. వెనక నుంచి, "మేడం, అది జాస్మిన్ చేసింది."

"ఎవరు చేశారని ఎవరడుగుతారు? గొంతు కూడా మార్చెయ్. కండెలు చుట్టేదాని బిడ్డ ఠాణే వెళ్ళి ఏం చేస్తుంది? రేపు అదీ కండెలేగా చుట్టేది."

ఆ చివరి మాట అంటున్నప్పుడు నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళ గొంతులు మారిపోయాయి. వాళ్ళలో సగం మంది కండెలు చుట్టేవాళ్ళే, అందరికీ బడిలో బిడ్డలున్నారు. పెద్ద మేడం మొహంలో రంగు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. ఎండలో నడిచొచ్చి కుండ నీళ్ళు తాగినట్టు ఉండింది.

"ఇదంతా కల్పితం! చప్పుడు తప్ప ఏముంది అందులో? నోటికొచ్చింది అనేస్తే అయిపోతుందా?" అంది పెద్ద మేడం.

"కల్పితం కాదు మేడం. మీరు గట్లనే అన్నరు, నేను గట్లనే జేసిన" అంది స్వర్ణ, మైకు కిందికి దించకుండానే.

ముందు వరుసలో నవ్య ఏడుపు అందుకుంది. "నానమ్మా, నాకొద్దని చెప్పిన గదా నీకు" అంది. పెద్ద మేడం పక్కనున్న వెంకటసుబ్బారావు గారు ఎవరినీ చూడలేదు. భార్యతో, "ఆ పేరు మార్చి పడెయ్, ఇక్కడే, ఇప్పుడే" అన్నారు. పెద్ద మేడం స్వర్ణ వైపు తిరిగి, మార్చమన్నట్టు చెయ్యి ఊపింది.

అప్పుడు నా పక్కనుంచి జాస్మిన్ లేచింది. జనం మధ్యలోంచి నడిచి వేదిక ఎక్కి, స్వర్ణ చేతిలోని ట్యాబ్ తీసుకుని, తన బొమ్మ తెరిచి పెద్ద మేడం ముందు పెట్టింది.

"టీచర్ గాదు. మీరు రాయండి."

"నాకు ఇందులో రాయడం రాదమ్మా" అంది పెద్ద మేడం.

"నేను నేర్పిస్త. ఈ పెన్సిల్ బొమ్మ నొక్కండి. నవ్య పేరు చెరపండి. ఇప్పుడు నా పేరు."

ట్యాబ్‌లో ఏం చేసినా టీవీలో పెద్దగా కనిపిస్తోంది. నవ్య పేరు పోయింది. ఆవిడ వేలు అక్షరాల మీద తడుముకుంటూ తిరిగింది. ఒక్కో అక్షరం వచ్చినప్పుడల్లా వెనక చప్పట్లు, ఈలలు. "చేసింది: జాస్మిన్" అని వచ్చేసరికి హాలు దద్దరిల్లింది. నేను ఏడ్చాను. పోచవ్వ నా వీపు మీద చరిచింది. ఎన్నాళ్ళనుంచో కోరుకున్నది కళ్ళముందు వెలుగుతోంది.

జాస్మిన్ వేలు పెట్టి దాన్ని చెరిపేసింది.

"మళ్ళ రాయండి" అంది.

పెద్ద మేడం దాని మొహం చూసింది. "రాశాను కదా తల్లీ."

"మళ్ళ రాయండి మేడం."

జనం గొల్లుమన్నారు. ఆవిడ మళ్ళీ రాసింది. జాస్మిన్ మళ్ళీ చెరిపేసింది. ఈసారి తక్కువమంది నవ్వారు. ఇంకోసారి రాసింది, ఇంకోసారి చెరిపింది. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ కళ్ళజోడు కిందినుంచి నీళ్ళు కారి ట్యాబ్ మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయడం లేదు. నవ్య తన ఒళ్ళో మొహం దాచుకుంది. జాస్మిన్ చేతులు కట్టుకుని, తొందర లేకుండా, అక్షరం తర్వాత అక్షరం చూస్తోంది. కిందపెదవి లోపలికి బిగించి పెట్టింది. అద్దంలో నా మొహం నాకు తెలుసు, కోపమొస్తే అచ్చం అలాగే ఉంటుంది.

"మెర్సీ, ఇగ చాలని జెప్పు" అన్నాడు ఇమ్మానుయేల్ నెమ్మదిగా. సదానందం అయ్యగారు కూడా నా వైపే చూస్తున్నారు.

పేరు మళ్ళీ పూర్తయింది. పెద్ద మేడం చేతులు జోడించి నిలబడింది. జాస్మిన్ వేలు పైకెత్తి, చెరపబోతూ ఆగి, అంత జనంలో నన్ను వెతుక్కుంది. పెదాలు మాత్రం కదిలించి, "చాలా అమ్మా?" అని అడిగింది.

నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను.